ఊరికే పెట్టరు

క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు బుల్లి ప్లాస్టిక్ రెక్కల్ని విరిచే అధికారం మా ఇంట్లో నాన్నకొక్కరికే ఉండేది. చిన్న స్క్రూడ్రైవర్ మొన పెట్టి టక్కున విరిచేవారు. ఇక ఆ క్యాసెట్టు మీద ఎవరూ ఏమీ రికార్డు చెయ్యలేరు. టేప్‌రికార్డర్ లోపల సన్నటి మీట ఒకటి సరిగ్గా ఆ చోటే తడుముతుంది. రెక్క తగిలిందా, రికార్డు బటన్ దిగుతుంది. గుంట తగిలిందా, ఎంత నొక్కినా దిగదు. రెండు రెక్కలు ఎందుకంటే ఒక్కో వైపుకి ఒక్కోటి. తాతయ్య మాటలు రికార్డు చేసిన రోజున మాత్రం, ఆయన ఇంకా కుర్చీలోంచి లేవకముందే రెండూ విరిచేశారు.

అన్నయ్య ఊరుకుంటాడా? ఆ గుంట మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే మీట మోసపోతుందని ఎక్కడో విని వచ్చాడు. నాన్న కోప్పడతారేమో అనుకుంటే, "మనసు మారితే మళ్ళీ వాడుకోవడానికి దారి ఉంచార్రా" అని నవ్వారు. తాతయ్య క్యాసెట్టు మాత్రం ఆ సాయంత్రమే బీరువాలోకి వెళ్ళిపోయింది, తాళంతో సహా.

ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బాలో విప్పి చూస్తే ఇలాంటివి బోలెడు. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. రీలు చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా లాగినట్టవుతుంది కాబట్టి, రెండు కొసలా గట్టి ప్లాస్టిక్ పట్టీ అతికిస్తారు. దాని మీద అయస్కాంతపు పూత ఉండదు. అందుకే కొత్త క్యాసెట్టు పెట్టి వెంటనే మాట్లాడటం మొదలుపెడితే మొదటి మాటలు గల్లంతు. నాన్న పెన్సిల్ దూర్చి తిప్పుతూ, గోధుమరంగు టేపు బయటికి వచ్చాక గానీ లోపల పెట్టేవారు కాదు. టేపు వెనకాల రాగిరంగు స్ప్రింగు ముక్క మీద అంటించిన చిన్న గుడ్డ పీస్ కూడా ఆయనే చూపించారు. టేపుని హెడ్డుకి అదిమి పట్టేది అదే. అది ఊడిపోతే పాట బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఇక రీలు బొడిపెకి ఆరు పళ్ళు, పెన్సిలుకి ఆరు పలకలు ఉండటం ఎవరూ పథకం వేసి చేసింది కాదనే నా నమ్మకం. పెన్సిలుకి పలకలు పెట్టింది బల్ల మీంచి దొర్లి పడకుండా. కొన్ని జతలు అలా కుదురుతాయంతే.

ఏ వస్తువు చేతికిచ్చినా నాన్న అడిగే ప్రశ్న ఒకటే, "ఇదెందుకు ఉందో చెప్పు?" తెలీదంటే, "ఊరికే పెట్టరు. ఒక బెజ్జం పెట్టాలంటే అచ్చు మార్చాలి, మనిషిని పెట్టాలి, డబ్బు పొయ్యాలి. ఎవడికో ఏదో ఇబ్బంది వచ్చుంటేనే పెడతాడు. ఆ ఇబ్బందేంటో ఆలోచించు" అనేవారు. ఆ ఆలోచించడంలో మా సెలవులు చాలా గడిచిపోయాయి. అమ్మకి ఇదంతా పనిలేని వ్యవహారం. "ఉన్నది ఉన్నట్టు వాడుకోక, ఎందుకుందో తెలుసుకుని ఏం చేస్తార్రా" అని విసుక్కునేది.

కరెంటు పోతే లాంతరు బయటికి వచ్చేది. దాని గ్లాసుకి అటూ ఇటూ, పైనుంచి వంపు తిరిగి కిందికి దిగే రేకు గొట్టాలుంటాయి కదా. చూడ్డానికి గ్లాసు పగలకుండా పెట్టిన కమ్మీల్లా ఉంటాయి గానీ, కమ్మీలైతే డొల్లగా చెయ్యాల్సిన పనేముంది? ఒకసారి లాంతరు బాగా చల్లారాక నాన్న గ్లాసు తీసి, బర్నర్ విప్పి, లోపలికి వేలు పెట్టి చూడమన్నారు. గొట్టాల కింది కొసలు బర్నర్ అడుగున చిన్న అరలోకి తెరుచుకుని ఉన్నాయి. కిరసనాయిలు తొట్టితో వాటికి ఏ సంబంధమూ లేదు. వేలికి మసి తప్ప ఇంకేమీ అంటలేదు.

ఆ గొట్టాల్లో నడిచేది గాలి. మంటకి కావలసిన గాలి పైన టోపీ దగ్గర లోపలికి దూరి, గొట్టాల్లోంచి దిగి, బర్నర్ చుట్టూ ఉన్న సన్నటి బెజ్జాల్లోంచి వడపోసుకుని ఒత్తి దగ్గరికి చేరుతుంది. వేడెక్కిన గాలి మధ్యలో పొగగొట్టంలోంచి పైకి పోతుంది. బయట ఈదురుగాలి ఎంత కొట్టినా, ఇంత చుట్టు తిరిగి వచ్చేసరికి దాని జోరు చచ్చిపోతుంది. మంట మాత్రం ఊపిరాడక ఆరిపోదు. అమెరికాలో జాన్ ఇర్విన్ 1860ల చివర్లో ఈ గొట్టాల పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అందులో మంట మీది వేడిగాలి కూడా కొంత మళ్ళీ గొట్టాల్లోకి వచ్చేసేది. 1870ల్లో అతనే దాన్ని మార్చి, బయటి తాజా గాలి మాత్రమే దిగేలా చేశాడు. వెలుగు పెరిగింది. ఈ పేరూ తేదీలూ నేను చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నవి. నాన్నకి పేరు తెలీదు. "ఎవడో గాలికి దారి వేశాడు, మంచి బుర్ర" అనేవారు, అంతే.

లాంతరు వెలిగించే అగ్గిపుల్ల మీద కూడా ఒక పాఠం అయ్యింది. పుల్లని గోడకేసి గీస్తే వెలగదు, పెట్టె పక్కనే గియ్యాలి. ఎందుకంటే నిప్పుని రెండు ముక్కలు చేసి విడివిడిగా పెట్టారు. మండటానికి సాయపడే పొటాషియం క్లోరేట్ పుల్ల తలలో ఉంటుంది, ఎర్ర భాస్వరం పెట్టె పక్కనున్న గరుకు పట్టీ మీద ఉంటుంది. రెండూ రాసుకుంటేనే నిప్పు. స్వీడన్‌లో గుస్టాఫ్ ఎరిక్ పాష్ అనే రసాయన శాస్త్రవేత్త 1844లో ఈ ఏర్పాటు చేశాడు. అంతకు ముందు అగ్గిపుల్లలు జేబులో రాసుకున్నా అంటుకునేవి. పుల్లకి కొస దగ్గర మైనం పట్టిస్తారు, తల మంట కట్టెని అందుకోవడానికి. అమ్మోనియం ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచుతారు, ఊదగానే నిప్పు కణిక మిగలకుండా నల్లబడిపోవడానికి. ఆర్పిన పుల్లని చెత్తలో పారేస్తే చెత్త అంటుకోనిది ఇందుకే. రెండు వేళ్ళ మధ్య ఇమిడే పుల్లలో ఇన్ని జాగ్రత్తలు!

అమ్మ విసుక్కునేదన్నాను గానీ, కుట్టుమిషన్ దగ్గర మాత్రం నాన్న కూడా అమ్మ చెప్పే పాఠం వినాల్సిందే. సూది మారుస్తుంటే ఒకసారి నన్ను పిలిచి, పాత సూది అరచేతిలో పెట్టి, "బొటనవేలి గోటితో దీని ఒళ్ళంతా గీరి చూడు" అంది. ఒక వైపు పైనుంచి బెజ్జం దాకా పొడుగాటి గాడి తగిలింది. రెండో వైపు బెజ్జానికి కాస్త పైన చిన్న నొక్కు మాత్రమే. సూది పైభాగం కూడా ఒక పక్క గుండ్రం, ఒక పక్క చదును. ఇవన్నీ కంటికి ఆనవు, గోటికి తెలుస్తాయి.

సూది గుడ్డలోకి దిగేటప్పుడు దారం ఆ పొడుగు గాడిలో దాక్కుంటుంది, రాసుకుని తెగిపోకుండా. రెండో వైపు గాడి లేదు కాబట్టి గుడ్డ దారాన్ని పట్టి ఆపుతుంది. సూది పైకి లేవడం మొదలుపెట్టగానే, ఆ ఆగిన దారం బయటికి ఉబ్బి చిన్న ఉచ్చు అవుతుంది. అడుగున తిరుగుతున్న కొక్కెం మొన సరిగ్గా ఆ నొక్కు దగ్గరికి వచ్చి ఆ ఉచ్చుని అందుకుని, అడుగున బాబిన్ అనే చిన్న కండెలో ఉన్న దారం చుట్టూ తిప్పుతుంది. ఒక కుట్టు పడింది. నొక్కు ఎందుకంటే, కొక్కెం సూదికి తగలకుండా వీలైనంత దగ్గరికి రావడానికి. సూది అటుదిటు పెడితే ఉచ్చు తప్పు వైపు పడుతుంది, కుట్లు దాటేస్తుంది. అందుకే పైన చదును చేసింది, తప్పుగా పెట్టకుండా. చేత్తో కుట్టే సూదికి బెజ్జం వెనక ఉంటే దీనికి మొన దగ్గర ఉండటమే అసలు మలుపు. ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు తీసుకున్న మిషన్లో సూది అలాంటిదే.

ఇదంతా అమ్మ ఈ మాటల్లో చెప్పలేదు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, "ఇదిగో లేచింది, ఇదిగో ఉబ్బింది, ఇదిగో పట్టుకుపోయింది" అంటూ చూపించింది. తల వంచి చూస్తే, సన్నటి దారం ఒక్క క్షణం ఉబ్బి కొక్కేనికి దొరికిపోవడం స్పష్టంగా కనిపించింది. నాన్న కూడా వెనక నిలబడి చూశారు. "మరి చక్రం మధ్యలో ఈ గుండ్రటి నట్టు?" అని నేనడిగితే, దాన్ని వదులు చేసి తొక్కింది. చక్రం గిర్రున తిరుగుతోంది, సూది కదలడం లేదు. బాబిన్‌కి దారం చుట్టేటప్పుడు సూది ఊరికే కొట్టుకోకుండా అన్నమాట. మిషన్ పైన అక్కడక్కడా ఉండే సన్న బెజ్జాలు నూనె చుక్కలకి. అవి అందరికీ తెలిసినవే.

వడ్రంగం పనికి మావయ్య వచ్చినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. కొలత టేపు కొసన ఉండే కొక్కెం లొడలొడలాడుతూ ఉంటుంది. పక్కింటాయన కొత్త టేపు కొనుక్కుని, అది నాసిరకమని తిట్టుకుంటూ, రివెట్ల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి కదలకుండా బిగించేశారు. మావయ్య చూసి తల పట్టుకున్నాడు. "ఆ కదలికే కదండీ అందులో ఉన్న తెలివి!" కొక్కెం మందం ఎంతో, అది జరిగేదీ అంతే. బల్ల అంచుకి తగిలించి లాగి కొలిస్తే కొక్కెం ముందుకి జరుగుతుంది, కొలత కొక్కెం లోపలి అంచు నుంచి మొదలవుతుంది. అలమరా లోపల గోడకి ఆనించి కొలిస్తే కొక్కెం వెనక్కి నెట్టుకుంటుంది, కొలత బయటి అంచు నుంచి మొదలవుతుంది. రెండు చోట్లా సున్నా సున్నాగానే ఉంటుంది. బిగించేసిన టేపుతో బయట కొలత సరిగ్గా వస్తే లోపల కొలత తప్పుతుంది, లేదా అటుదిటు. పక్కింటాయన అలమరా అరలన్నీ ఒక పిసరు తేడా వచ్చాయని తర్వాత విన్నాం.

కొక్కెంలో ఉండే చీలిక మేకు తలకి తగిలించుకోవడానికి, రెండో మనిషి లేకుండా ఒక్కరే కొలుచుకోవచ్చు. టేపు అడ్డంగా కాస్త వంపు తిరిగి ఉండేది, గాల్లోకి చాపినా వాలిపోకుండా. గొడుగు కమ్మీలు నిండు చువ్వలుగా కాక గాడిలా మడిచి ఉండేదీ ఇలాంటి లెక్కతోనే. ఇంగ్లండ్‌లో శామ్యూల్ ఫాక్స్ 1852లో చేసిన మార్పు అది. బరువు తగ్గింది, బలం తగ్గలేదు.

చిన్నాచితకావి చెప్పుకుంటూ పోతే అంతుండదు. స్కేలుకి సున్నా గీత ముందు కాస్త ఖాళీ వదిలేది, అంచు అరిగినా కొలత చెడకుండా. తాళంకప్ప అడుగున తాళంచెవి బెజ్జం పక్కన ఉండే చిన్న రంధ్రం, వాన నీళ్ళు కారిపోవడానికీ నూనె చుక్క వెయ్యడానికీ. టూత్‌పేస్టు మూత తిరగేస్తే ఉండే మొన, కొత్త ట్యూబు మూతి మీది రేకుని పొడవడానికి. గరాటు బయట నిలువు గీతల్లా ఉబ్బి ఉండేవి, సీసాలోని గాలి బయటికి పోవడానికి. అవి లేకపోతే గరాటు సీసా మూతికి అతుక్కుపోయి, నూనె గుడగుడమంటూ ఆగిపోతుంది. ఇవన్నీ నాన్న పరీక్షలో తేలిక ప్రశ్నలు.

కష్టమైన ప్రశ్న టేబుల్ ఫ్యాన్ నట్టు. రెక్కలు తుడవడానికి విప్పబోతే, అన్ని నట్లూ తిప్పే వైపు తిప్పేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. దాని మరలు ఎదురు మరలు. ఫ్యాన్ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టినప్పుడు, నట్టు తన బద్ధకం కొద్దీ కాస్త వెనకబడుతుంది. మామూలు మరలైతే ఆ వెనకబాటుకి రోజూ కొంచెం కొంచెం వదులై, ఒకనాడు రెక్కలు ఊడి వచ్చేవి. ఎదురు మర పెట్టడంతో అదే వెనకబాటు నట్టుని బిగిస్తుంది. సైకిలు ఎడమ పెడలుకి కూడా ఎదురు మరే, తొక్కుతుంటే దానంతటది ఊడిపోకుండా. ఈ సంగతి తెలీకుండా ఫ్యాన్ నట్టుని పట్టకారుతో బలవంతం చేసి విరగ్గొట్టిన మెకానిక్కులు కూడా ఉన్నారు, మా ఇంటికే ఒకాయన వచ్చాడు.

అయితే నాన్న మాటకి ఒక మినహాయింపు ఉందని కనిపెట్టింది చెల్లి. స్నానం మగ్గు తిరగేసి, అడుగున మధ్యలో ఉన్న చిన్న చుక్క చూపించి "ఇదెందుకు?" అంది. నాన్న చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "అది దాని బొడ్డే అమ్మా" అన్నారు. నిజమే. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి పోసిన చోటు అది, వాడేవాళ్ళకి దానితో పనిలేదు. కొన్ని వస్తువుల మీద కనిపించే చిన్న గుండ్రటి మచ్చలు కూడా అంతే, అచ్చులోంచి వస్తువుని బయటికి నెట్టిన పిన్నుల గుర్తులు. ఈమధ్య ఫోన్లో చుట్టూ తిరిగే "మీకు తెలియని రహస్యాలు" వీడియోల్లో ఇలాంటి బొడ్లకి కూడా గొప్ప గొప్ప ప్రయోజనాలు చెప్పేస్తున్నారు. చూస్తే నవ్వొస్తుంది, కాస్త చిరాకు కూడా.

నాన్న నవ్వకుండా చెప్పే విషయాలు కొన్ని ఉండేవి. ప్లగ్గులో పైనున్న ఎర్త్ పిన్ను అలాంటిది. మిగతా రెండిటికన్నా పొడుగు, లావు కూడా. పొడుగు ఎందుకంటే, పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదలాలి. కరెంటు ఉన్నంతసేపూ రక్షణ ఉండాలి కాబట్టి. లావు ఎందుకంటే, పొరపాటున కూడా కరెంటు ఉన్న బెజ్జంలో దూరకూడదు. పిల్లలు వేళ్ళు పెట్టకుండా లోపల తలుపులుండే సాకెట్లలో ఆ తలుపుల్ని తెరిచేది కూడా ఈ పొడుగు పిన్నే. పాత ఇత్తడి పిన్నులకి నడుమ ఉండే చీలిక, సాకెట్లో స్ప్రింగులా పట్టుకోవడానికి. వదులైతే నాన్న చాకు మొన దూర్చి కాస్త విడదీసేవారు. ప్లగ్గులో వైరు బిగించేటప్పుడు ఎర్త్ వైరుని మిగతావాటికన్నా కొంచెం పొడుగ్గా వదిలేవారు. "ఎవరైనా వైరు పట్టుకుని గుంజితే చివర ఊడాల్సింది ఇది" అని.

ఫ్రిజ్ తలుపు సంగతి ఆయనకి తెలీదు, నేనే చెప్పాను. పాతకాలపు ఫ్రిజ్‌లకి బయట గడియలాంటి హ్యాండిల్ ఉండేది. లోపలి నుంచి తెరవడం కుదిరేది కాదు. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కుని ఆడుకునే పిల్లలు లోపలే ఊపిరాడక చనిపోయారు, ఒకరిద్దరు కాదు. అమెరికాలో 1956లో చట్టం చేశారు, తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకునేలా ఉండాలని. గడియలు పోయి, రబ్బరు అంచులో దాచిన అయస్కాంతపు పట్టీలు వచ్చాయి. ఇప్పుడు మనం మెత్తగా మూసే ఆ తలుపు వెనక ఉన్నది ఇదీ. వంటగ్యాసు వాసన కూడా అంతే. గ్యాసుకి నిజానికి వాసన లేదు. 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద ఎవరికీ తెలియకుండా పేరుకున్న గ్యాసు పేలి దాదాపు మూడు వందల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాసుకి వాసన కలపాలన్న చట్టాలు వచ్చాయి. సిలిండరు గ్యాసులో కలిపే ఇథైల్ మెర్‌కాప్టన్ ఏ కాస్త లీకైనా ముక్కుకి తెలిసిపోతుంది. పెన్ను మూత కొసన బెజ్జం ఉండేదీ, ఏ పిల్లాడైనా మింగితే గొంతులో గాలికి కాస్తయినా దారి ఉండాలనే. బిక్ వాళ్ళు 1991 నుంచి తమ మూతలకి అలా పెడుతున్నారు. నేను ఇవన్నీ చెప్తుంటే నాన్న ఏమీ అనకుండా విన్నారు. తర్వాత లేచి వెళ్ళి, ఫ్రిజ్ తలుపుని రెండు మూడుసార్లు తెరిచి మూశారు.

ఇప్పటి వస్తువులు విప్పడానికి లొంగవు. స్క్రూలు ఉండవు, జిగురుతో అతికేస్తారు. అయినా నాన్న ఊరుకోరు. ఫోన్ కింద ఒక బెజ్జం ఉందేంటని మొన్న అడిగారు. అది మైకు. పక్కన అలాంటిదే ఇంకోటి సిమ్ బయటికి తీయడానికి. ఆ పిన్ను మైకులో గుచ్చకండి అని చెప్పాను. వెనక కెమెరా పక్కన ఇంకో బెజ్జం? అదీ మైకే, చుట్టుపక్కల రొదని విని మన మాటలోంచి తీసెయ్యడానికి. "ఓహో, ఒకటి మన మాట వినడానికి, ఒకటి పక్కవాళ్ళ మాట వినడానికి" అని సంతోషపడ్డారు.

నిన్న వీడియో కాల్‌లో కొత్త ఛార్జర్ పిన్ను తెరకి దగ్గరగా పెట్టి చూపించారు. "ఇది ఎటు పెట్టినా పడుతోందిరా. ప్లగ్గులో ఒకలాగే పెట్టాలని అంత కష్టపడ్డవాళ్ళు, దీన్ని ఇలా ఎలా వదిలేశారు?" వదల్లేదు నాన్నా, లోపల 24 దాకా కాంటాక్టులు ఉంటాయి, పై వరసా కింది వరసా తిరగేసినా సరిపోయేలా అమర్చారు, ఎటు పెట్టారో ఫోనే కనిపెట్టుకుంటుంది అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. "పాడైపోయిన కేబుల్ ఏదైనా ఉంటే పంపు, కోసి చూస్తాను" అన్నారు. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది, "ముందు ఆ విప్పిన మిక్సీ బిగించండి, తర్వాత కేబుల్ సంగతి చూద్దురుగాని."